ఈతకొలను పైపులు గడ్డకట్టకుండా: మేనల్లుడికి ఒక లేఖ

బెంగళూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

డాలస్ శివార్లలో ఈతకొలను ఉన్న ఇల్లు కొన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది, చాలా సంతోషం. చలికాలంలో దాని పైపుల సంగతి నన్ను అడగమని కూడా నీకు చెప్పిందట. ఇరవై ఏళ్లకు పైగా వైట్‌ఫీల్డు వైపు అపార్ట్‌మెంట్లలో కొలనుల పంపులూ ఫిల్టర్లూ చూసుకున్నవాణ్ణే అయినా, గడ్డకట్టడం గురించి ఈ ఊరు నాకేమీ నేర్పలేదు. బెంగళూరులో ఇంతవరకూ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరి నాటి 7.8 డిగ్రీల సెల్సియస్. నాకు పాఠం చెప్పింది 2021 ఫిబ్రవరిలో మీ డాలసే. అప్పుడు నేను మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను.

ముందు పైపు ఎందుకు పగులుతుందో తెలుసుకో, అది తెలిస్తే మిగతా పనులు వాటంతట అవే అర్థమవుతాయి. నీరు మంచుగడ్డగా మారేటప్పుడు సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. కొలనులో నీరు ఎక్కువ, పైగా చుట్టూ నేల వెచ్చదనం ఉంటుంది కనుక అది ఒక్క రాత్రిలో గడ్డకట్టదు. నేలపైన గాలికి నిలబడి ఉన్న రెండంగుళాల పైపులూ, పంపూ, ఫిల్టరూ, హీటరూ ముందు గడ్డకడతాయి. అయితే గడ్డ ఏర్పడిన చోటే పైపు పగలాలని లేదు. ఒక పక్క మంచుగడ్డ, మరో పక్క మూసిన వాల్వు ఉండి, మధ్యలో చిక్కిన నీటికి ఎటూ దారి లేనప్పుడు, గడ్డ పెరిగిన కొద్దీ ఆ నీటిలో ఒత్తిడి పెరిగి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుస్తుంది. అందువల్ల పైపుల్లో నీరు కదులుతూనైనా ఉండాలి, పూర్తిగా తీసివేసైనా ఉండాలి. సగం తీసి సగం ఉంచడం అన్నిటికన్నా చెడ్డది.

కరెంటు ఉన్నంతవరకు పని తేలిక. నీ పంపు కంట్రోలరులో ఫ్రీజ్ ప్రొటెక్షన్ అనే ఏర్పాటు ఉంటే, గాలి ఉష్ణోగ్రత 38 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో మూడు డిగ్రీల సెల్సియస్‌కు కాస్త పైకి, దిగగానే పంపు తనంతట తాను నడిచేలా పెట్టు. ఉందని నమ్మి ఊరుకోవద్దు. ఒక చల్లని సాయంత్రం ఆ అంకెను బయటి ఉష్ణోగ్రత కంటే పైకి జరిపి, పంపు మొదలవుతుందో లేదో చూసి, మళ్లీ సరిచేయి. దాని సెన్సారు ఎండపడే గోడకు బిగించి ఉంటే గాలి ఉన్నదానికంటే వెచ్చగా ఉందని చూపిస్తుంది, దాన్ని నీడకు మార్పించు. చలిగాలులు రాబోతున్నాయని వార్తల్లో వినగానే నేనైతే సెన్సారు మీద కూడా ఆధారపడను, టైమరును పక్కనపెట్టి పంపును రేయింబవళ్లూ నడిపిస్తాను.

అప్పుడు అన్ని దారుల్లోనూ నీరు పారాలి. స్కిమ్మరు (కొలను గోడలో పైనీటిని, ఆకులను లాగే నోరు), మెయిన్ డ్రెయిన్ (కొలను అడుగున నీటిని లాగే రంధ్రం), స్పా (పక్కనుండే వేడినీటి తొట్టి), జలపాతం, కొలనును శుభ్రంచేసే క్లీనరుకు వెళ్లే పైపు, వీటిలో ఏ ఒక్క వాల్వు పూర్తిగా మూసి ఉన్నా ఆ దారి గడ్డకడుతుంది. మూడు దారుల వాల్వుల పిడిని మధ్యలో ఉంచు. క్లీనరుకు వేరే బూస్టరు పంపు ఉంటే దాన్నీ పెద్ద పంపుతో కలిపి నడపాలి, ఎందుకంటే పెద్దది నడిచినా చిన్నదానిలోని నీరు నిలిచే ఉంటుంది. నీటిమట్టం స్కిమ్మరు నోటికి సగం ఎత్తున ఉండేలా చూడు. రాలిన ఆకులు బుట్టలో నిండితే పంపు గాలి పీల్చుకుని, నడుస్తున్నట్టు చప్పుడు చేస్తూనే నీటిని లాగడం మానేస్తుంది.

ఇక కరెంటు పోయిన రాత్రి సంగతి. 2021లో నేను చేసిన తప్పు నీవు చేయకూడదని దీన్ని వివరంగా రాస్తున్నాను. ఫిబ్రవరి 16న మీ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత సున్నా ఫారెన్‌హీట్‌కు రెండు డిగ్రీలు దిగువకు, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. దానికి ముందురోజు తెల్లవారకముందే కరెంటు పోయింది. మన ఊళ్లో కరెంటు పోతే గంటకో రెండు గంటలకో వస్తుందన్న అలవాటు కొద్దీ, దుప్పటి కప్పుకుని మూడు గంటలు ఎదురుచూశాను. తీరా వెళ్లేసరికి పంపు డ్రెయిన్ ప్లగ్గులు (నీటిని వదలడానికి విప్పే బిరడాలు) ఊడివచ్చాయి గాని, ఫిల్టరు అడుగున ఉన్న ప్లగ్గు మంచు పట్టి తిరగలేదు. ఎండలు వచ్చాక చూస్తే ఫిల్టరు పొట్ట నిలువునా చీలి ఉంది, కొత్తది దొరికేసరికి ఏప్రిల్ వచ్చింది. కాబట్టి గడ్డకట్టే చలిలో కరెంటు పోయి అరగంట దాటితే ఎదురుచూడకు, పైపుల్లో, పరికరాల్లో ఉన్న నీటిని తీసేయడం మొదలుపెట్టు.

మొదట పంపు బ్రేకరును ఆపు. ప్లగ్గులు తీసి ఉండగా కరెంటు వచ్చి పంపు పొడిగా తిరిగితే సీలు కాలిపోతుంది. హీటరు గ్యాసు కట్టేయి. ఫిల్టరు నెత్తిన ఉన్న గాలి వాల్వు తెరిచి, గేజి సున్నాకు వచ్చిందని చూశాకే పంపు డ్రెయిన్ ప్లగ్గులు (సాధారణంగా రెండు ఉంటాయి), ఫిల్టరు అడుగుది, హీటరువి, బూస్టరు పంపుది తీయి. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే సెల్లు ఉంటే విప్పి ఇంట్లో పెట్టు. ఈ పరికరాలు కొలను నీటిమట్టానికి దిగువన ఉంటే మాత్రం నీరు ఎంతకీ ఆగదు, కొలనే ఖాళీ కావడం మొదలవుతుంది. అప్పుడు కొలను వైపు వాల్వులు మూసి, ఆ వాల్వులకు కొలను వైపున నీటితో మిగిలిన పైపు ముక్కలకు పాత దుప్పట్లు మందంగా చుట్టి పైన ప్లాస్టిక్ కప్పు. తీసిన ప్లగ్గులన్నీ పంపు బుట్టలోనే వేయి, వసంతంలో వెతుక్కోనక్కరలేదు. కొలనును మాత్రం పూర్తిగా ఖాళీ చేయకు, కింద భూగర్భజలం పైకి ఉంటే కట్టడమే లేచిపోవచ్చు.

స్కిమ్మరులో పావు వంతు గులకరాళ్లు పోసి మూత బిగించిన ప్లాస్టిక్ సీసా ఒకటి నిలబెట్టు. మంచు ఉబ్బినప్పుడు సీసా నలిగి గోడను కాపాడుతుంది. కొలను పైన పొర కడితే సుత్తితో కొట్టవద్దు, పిల్లల్ని దాని దరిదాపులకు రానివ్వవద్దు.

పైపు అప్పటికే గడ్డకట్టి ఉంటే పంపు వేయవద్దు, నిప్పు మంట చూపించవద్దు. దానంతట అది కరిగాక పగుళ్లు చూసి, ప్లగ్గులు బిగించి, పంపు బుట్టలో నీరు నింపి, గాలి వాల్వు తెరిచి ఉంచి మొదలుపెట్టు. అందులోంచి నీరు చిమ్మగానే దాన్ని మూసేసి, పది నిమిషాలు అక్కడే నిలబడి ఎక్కడ కారుతుందో చూడు. ఓ-రింగులకు, అంటే నీరు కారకుండా మూతలకు వేసే రబ్బరు చుట్టలకు, సిలికాన్ గ్రీజే రాయి. ఇక్కడ మా కుర్రాళ్లు వాజ్‌లీన్ పూసి రబ్బరును పాడుచేసేవాళ్లు, ఎంత చెప్పినా వినేవాళ్లు కాదు.

షికాగోలో ఉన్న నీ తమ్ముడు కొలను కొంటే ఈ ఉత్తరం చూపించకు. అక్కడ శరదృతువులోనే పైపుల్లోని నీటిని గాలితో ఊదించి, రబ్బరు బిరడాలు బిగించి, అవసరమైన చోట కొలనుల కోసమే అమ్మే ప్రొపిలీన్ గ్లైకాల్ పోసి, వసంతం దాకా మూసేయాలి. కారులో పోసే యాంటీఫ్రీజు విషం, అది కొలను దరికి కూడా రాకూడదు.

ఈ నెలలోనే ఒక ఆదివారం పగటివేళ ప్లగ్గులన్నీ ఒకసారి విప్పి బిగించి చూడు. చీకట్లో, గడ్డకట్టిన వేళ్లతో మొదటిసారి వెతకడం కష్టం. నీ పరికరాలన్నీ కనిపించేలా ఫోటోలు తీసి పంపితే, ఏది ఎక్కడుందో గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను. చలి రాత్రి సందేహం వస్తే మొహమాటపడకుండా ఫోను చేయి. నీకు అర్ధరాత్రి అయితే నాకు ఉదయం పదకొండున్నర, మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
మీ మామయ్య