తనను తాను కరిగించుకుని గోడ కట్టుకునే అమీబా

ప్రశ్న: వైశాఖంలో ఎండిపోయిన మా ఊరి చెరువు నుంచి గుప్పెడు మట్టి తెచ్చి నీళ్లలో నానబెట్టాను. నాలుగు రోజులకు మైక్రోస్కోపు కింద ముళ్లలాంటి పొడుగులున్న అమీబాలు కనిపించాయి. గిన్నెలో నీళ్లు ఇంకుతున్న కొద్దీ అవి కదలడం మాని కోశాలు కట్టుకున్నాయి. కోశం కట్టే ముందు అమీబా తన భాగాలను తానే జీర్ణం చేసుకుంటుందని చదివాను. కణంలో జీర్ణం చేసే ఎంజైములుండే లైసోజోములను ‘స్వయం విచ్ఛిత్తి సంచులు’ అని బడిలో చెప్పారు. తనను తాను తింటే చనిపోవాలి కదా, మరి ఎలా బతుకుతోంది?
— డిగ్రీ విద్యార్థిని, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు పంపిన బొమ్మలు శ్రద్ధగా చూశాను. ముళ్లలాంటి సన్నని పొడుగులు, కోశానికి ముడతలు పడ్డ పైగోడ, దాని లోపల మూలలు తేలిన మరో గోడ చూస్తే ఇది అకాంథమీబా ప్రజాతికి చెందినదే అనిపిస్తోంది. గ్రీకులో ‘అకాంథ’ అంటే ముల్లు.

‘స్వయం విచ్ఛిత్తి సంచి’ అనే పేరు విద్యార్థులను తప్పుదారి పట్టిస్తోందని నాకు చాలాకాలంగా బాధ. లైసోజోము పగిలి ఎంజైములు కణమంతటా పారడం వేరు. కణం తనలోని ఒక భాగాన్ని రెండు పొరల సంచిలో చుట్టి, ఆ సంచిని లైసోజోముతో కలిపి, అందులోనే కరిగించి, వచ్చిన సరుకును తిరిగి వాడుకోవడం వేరు. ఈ రెండో పనికి 1963లో బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్ ఆటోఫజీ అని పేరు పెట్టారు. మనం స్వయంభక్షణ అనవచ్చు. దాన్ని నడిపించే జన్యువులను ఈస్టులో గుర్తించిన జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక మీ గిన్నెలోని అమీబా సంగతి. తినడానికి బ్యాక్టీరియా లేక, నీళ్లు ఇంకి లవణాలు చిక్కబడినప్పుడు దానికి బయటి నుంచి ఏమీ అందదు. అయినా ఆ సమయంలోనే రెండు గోడలు కట్టుకోవాలి. లోపలి గోడలో సెల్యులోజు ఉంటుంది. దానికి కావలసిన గ్లూకోజు, కణం గాదెలో ధాన్యంలా దాచుకున్న గ్లైకోజెన్ నుంచి వస్తుంది. కొత్త ప్రోటీన్లకు కావలసిన అమైనో ఆమ్లాలు మాత్రం పాత ప్రోటీన్లను విప్పితేనే దొరుకుతాయి. పైగా నిద్రలోకి జారుకునే కణానికి, పరుగెత్తే కణానికి ఉన్నన్ని మైటోకాండ్రియాలు (కణానికి శక్తినిచ్చే భాగాలు) అక్కర్లేదు. అందుకే వాటిలో కొన్నింటిని కూడా సంచుల్లో చుట్టి కరిగించుకుంటుంది.

ఇది ఊహ కాదని చెప్పే ప్రయోగాలున్నాయి. సంచి పొర తయారీకి ఏటీజీ8 అనే ప్రోటీను అవసరం. దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు అకాంథమీబాలో ఆ ప్రోటీను జన్యువు పనిచేయకుండా చేసినప్పుడు సంచుల తయారీ దెబ్బతింది, కోశాలూ సరిగా ఏర్పడలేదు. సంచిలోని సరుకును కరిగించే సిస్టీన్ ప్రోటియేజ్ అనే ఒక ఎంజైమును అణచినప్పుడు, మైటోకాండ్రియాలు అరగకుండానే మిగిలిపోయాయి, కోశాలు కట్టడం తగ్గింది. అంటే మీరు అడిగినదానికి తలకిందులుగా ఉంది జవాబు: తనను తాను తినలేని అమీబాయే గోడ కట్టుకోలేకపోతోంది.

ఈ విషయం కంటి వైద్యులకూ ముఖ్యం. నాట్లప్పుడో నూర్పిళ్లప్పుడో కంటికి మట్టి, ఊక తగిలి గీరుకుపోతే ఈ అమీబా నల్లగుడ్డుపై పొరలో చేరి పుండు కలిగించగలదు. కాంటాక్టు లెన్సులు వాడేవారికీ ఈ ప్రమాదం ఉంది. తిరిగే అమీబా మందుకు తేలికగా లొంగుతుంది, కోశంలోనిది లొంగదు. అందుకే చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఆటోఫజీని అడ్డుకుని కోశం కట్టనివ్వకపోతే మందు పనిచేస్తుందేమోనన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. కానీ మన కణాలకూ ఆటోఫజీ కావాలి కనుక అమీబాకు మాత్రమే తగిలే మందు కావాలి. మీ ఇంట్లో ఎవరి కంట్లోనైనా మట్టి పడి నొప్పి, ఎర్రదనం తగ్గకపోతే పసరు పోయనివ్వకండి, కంటి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. మట్టి ముట్టుకున్న చేతులతో మీరూ కళ్లు నులుముకోవద్దు.

ఆ గిన్నెను మాత్రం పారబోయకండి. కొంచెం శుభ్రమైన నీళ్లు, నాలుగు గడ్డిపరకలు వేసి మూతపెట్టి, రెండు మూడు రోజుల తర్వాత ఒక చుక్క తీసి చూడండి. కోశం గోడలో చిన్న రంధ్రాలుంటాయి, వాటికి మూతలుంటాయి. నీళ్లు, తిండి దొరికాక అమీబా ఒక మూత తొలగించుకుని ఆ రంధ్రంలోంచి సన్నగా జారి బయటికి వస్తుంది. అది వెళ్లిపోయిన చోట రెండు గోడలూ ఖాళీగా మిగులుతాయి. మీ స్లైడు మీద అలాంటి డొల్లలు ఎన్ని కనిపించాయో లెక్కపెట్టి మాకు రాయండి.