హోటల్ మేనేజర్‌గా ఊళ్లు తిరిగే మనిషికి సంసారం నిలుస్తుందా? మా మావయ్య సంగతి

మీ తమ్ముడు హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరుతున్నాడనీ, దేశాలు తిరిగే ఆ ఉద్యోగంలో సంసారం నిలుస్తుందా అనీ మీరు అడిగారు. ఒడిశాలోని బరంపురానికి చెందిన మా మేనమామ జీవితమంతా ఆ ఉద్యోగమే చేసి, పదవీ విరమణ తరువాత సొంత ఇంట్లోనే కాలం చేశారు. ఆయన చేతుల మీదుగా పెరిగిన మేనకోడలిగా చెబుతున్నాను: నిలుస్తుంది, కాని బరువు ఇంట్లో ఉండిపోయినవారి మీదే ఎక్కువ పడుతుంది.

బరంపురానికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలోని గోపాల్‌పూర్ సముద్రతీరాన 1914లో ఒక ఇటలీ దేశస్థుడు కట్టించిన హోటల్ ఉంది. చిన్నతనంలో అక్కడి వడ్డన చూసే తనకు ఈ వృత్తి మీద మనసు పోయిందని మావయ్య చెప్పేవారు. ఇంట్లో అందరూ గుమాస్తా ఉద్యోగం చాలన్నా వినకుండా, 1954లో మొదలైన ముంబయి దాదర్ కేటరింగ్ కాలేజీలో చదివి, కలకత్తా, ఢిల్లీ, ఆ తరువాత మస్కట్ హోటళ్లలో అంచెలంచెలుగా మేనేజర్ అయ్యారు.

ఈ వృత్తిలో కుటుంబానికి మొదటి దెబ్బ పండుగల దగ్గర తగులుతుంది. ఊరంతా సెలవులో ఉన్నప్పుడే హోటల్ నిండుతుంది కనుక దసరాకూ, సంక్రాంతికీ, డిసెంబరు 31కీ మేనేజర్ ఇంట్లో ఉండడు. దీనికి మావయ్య తన వృత్తిలోనే ఒక ఉపాయం వెతుక్కున్నారు. హోటల్ లెక్కల్లో అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే తేదీ మారిపోదు. నైట్ ఆడిట్ చేసే ఉద్యోగి ఆ రోజు గదుల అద్దె, భోజనాల బిల్లులు అన్నీ సరిచూసి ముగించిన తరువాతే, ఒక్కోసారి తెల్లవారుజామున, కొత్త తేదీ మొదలవుతుంది. మన ఇంటి లెక్కలూ అంతే, నేను రాకుండా సంక్రాంతి ముగియదని ఆయన అనేవారు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ దిగి ఆయన ఇంటికి వచ్చిన రోజే, అది మాఘమాసమైనా సరే, అత్తయ్య అరిసెలు వండేది. పిల్లలకు అది ఆటగా ఉండేది. కాని అసలు పండుగనాడు అత్తగారి మందులు, పిల్లల పరీక్షలు, వచ్చిపోయే బంధువులు అన్నిటినీ ఒంటరిగా నెట్టుకొచ్చింది అత్తయ్యే, కనుక ఆ ఉపాయం ఘనత సగానికి పైగా ఆమెదేనని నా అభిప్రాయం.

బరంపురంలో రెండేళ్లకొకసారి జరిగే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకు మాత్రం ఆయన ఢిల్లీ నుంచి తప్పక వచ్చేవారు. అక్కడి హోటళ్లకు విదేశీ యాత్రికుల తాకిడి అక్టోబరు నుంచి మార్చి వరకే ఉంటుంది. ఎండలు ముదిరాక వచ్చే యాత్రకు సెలవు దొరకడం సులువు. పిల్లలతో వీధి వీధీ తిరిగి వేషాలు చూసేవారు.

మస్కట్‌లో ఉన్నప్పుడు ప్రతి వారం ఉత్తరం రాసేవారు. పిల్లలు బడిలో ఒడియా చదువుతున్నందున తెలుగు అక్షరాలు మరచిపోతారన్న భయంతో, తెలుగులో రాసిన ఉత్తరాలకే జవాబిస్తానని షరతు పెట్టారు. వాటిలో బెంగ, బోధ ఏవీ ఉండేవి కావు. ఆ రోజు వంటశాలలో ఏం వండారు, ఏ అతిథి ఎందుకు అలిగాడు, చాకలి దుప్పట్ల లెక్క ఎక్కడ తప్పింది వంటి సంగతులే ఉండేవి. తండ్రి చేసే పనేమిటో పిల్లలకు అంత వివరంగా తెలిసిన ఇల్లు నేను మరొకటి చూడలేదు.

అతిథి దిగే ముందు మేనేజర్ ఆ గదిలో మంచం మీద పడుకుని చూడాలన్నది ఆయన నియమం, ఎందుకంటే నిలబడి చూస్తే కనిపించని బూజు, కళ్లలోకి కొట్టే దీపం పడుకుంటేనే తెలుస్తాయి. ఒకసారి సెలవులో వచ్చినప్పుడు అమ్మమ్మ మంచం మీద అలాగే పడుకుని చూసి, రాత్రి లేవాలంటే స్విచ్ ఆమె చేతికి అందదని గ్రహించి, మరునాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి తలవైపు స్విచ్ పెట్టించారు. రోజూ ఆ గదిలో తిరిగే మాకెవరికీ అది తట్టలేదు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేనాటికి ఆయన విశ్రాంత జీవితంలో ఉన్నారు. రెండు రోజుల ముందే ఇంట్లో ఎవరెవరు ఉంటారో పేర్లు రాసి, ఎవరి మందులు ఏ డబ్బాలో ఉన్నాయో పక్కనే గుర్తు పెట్టి, గంగాళాలన్నీ నీళ్లతో నింపించి, వీధిలో రేకుల కప్పు కింద ఉండే రెండు కుటుంబాలను మా ఇంటికి పిలిపించారు. దసరా రోజులవి. కరెంటు రోజుల తరబడి రాలేదు. వచ్చిన తరువాతే మా ఇంట్లో దసరా చేశాం, ఆ అలవాటు మాకు ఎలాగూ ఉన్నదే.

ఇక మీ తమ్ముడి విషయానికి వస్తే, ఈనాడు వీడియో కాల్ ఉంది కనుక ఉత్తరాల బాధ లేదు, కాని షిఫ్టులు, పండుగ డ్యూటీలు అప్పటిలాగే ఉన్నాయి. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ఈ సంగతి అమ్మాయికే నేరుగా చెప్పించండి. మా అత్తయ్యకు ఎవరూ చెప్పలేదట. మొదటి సంక్రాంతికి కొత్త అల్లుడు లేకుండా ఆమె ఒక్కతే పుట్టింటికి వెళ్లిన సంగతి ఇప్పటికీ నవ్వుతూ, కొంచెం కోపంగానే చెబుతుంది.