రెండు జీతాలు, ఒకే మేకు

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నాది హెచ్-1బి, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది. నా భార్య హెచ్-4 డిపెండెంట్ వీసా, ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద ఉద్యోగం చేస్తోంది. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. ఇద్దరి జీతాలూ కలిపి ఏడాదికి 2,30,000 డాలర్లు, అందులో నాది 1,58,000. ఇంటి లోన్, పన్నులు, డేకేర్, కారు, సరుకులు కలిపి నెలకు 9,200 ఖర్చవుతుంది. బ్యాంకులో 11,000, షేర్లలో 22,000, నా 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో 1,04,000 ఉన్నాయి. ఈ మధ్య మా ప్రాంత అసెంబ్లీ సభ్యురాలు నియోజకవర్గంలో అందరికీ పంపిన లేఖ మా ఇంటికీ వచ్చింది. సగం రాష్ట్ర బడ్జెట్ గురించి, సగం ఐస్ (ఫెడరల్ ఇమిగ్రేషన్ ఏజెన్సీ) అధికారుల తనిఖీల గురించి. ఎవరైనా తలుపు కొడితే ఏం చేయాలి, ఏ కాగితాలు దగ్గరుంచుకోవాలి అని రాశారు. అది చదివిన దగ్గర్నుంచీ టెన్షన్‌గా ఉంది. రేపు తిరిగి వెళ్లాల్సి వస్తే నిలబడటానికి ఏదో ఒకటి ఉండాలని, 401(కె) మీద 50,000, హెలాక్ (ఇంటి తాకట్టు మీద బ్యాంకు ఇచ్చే అప్పు లిమిట్) నుంచి 60,000 తీసి షాద్‌నగర్ దగ్గర ఫామ్ ప్లాట్ కొందామనుకుంటున్నాం. బావమరిది చూసిపెట్టాడు. మేం రాలేం కాబట్టి తన పేరున రిజిస్ట్రేషన్ చేయిస్తానంటున్నాడు. ఇది సరైన ఆలోచనేనా?

జవాబు: కాదు. ఇందులో ఒక్క అడుగు కూడా సరైనది కాదు. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య వరసగా వస్తున్నాయి కాబట్టే మీది ఎంచుకున్నాను. అందరిదీ ఒకటే భయం, ఊరి పేరే తేడా. ఒకరికి షాద్‌నగర్, ఇంకొకరికి అమరావతి, మరొకరికి భోగాపురం. భయం వేసిన మనిషి చేతిలో డబ్బు పెట్టుకోవాలి. మనవాళ్లు భయం వేస్తే అప్పు చేసి భూమి కొంటారు.

ముందు మీ దగ్గరున్నదెంతో చూద్దాం. బ్యాంకులో 11,000, నెల ఖర్చు 9,200. అంటే సరిగ్గా 36 రోజుల డబ్బు. మీ ఉద్యోగం పోతే హెచ్-1బి మీద మీకు దొరికేది గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఇక్కడ ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఐ-94 అంతకన్నా ముందే ముగిసిపోతే అరవై రోజులూ ఉండవు. అరవై రోజుల గడువుకు ముప్పై ఆరు రోజుల డబ్బు! మిగతా 24 రోజులు ఇంటర్వ్యూలకు వెళ్తారా, ఫ్రెండ్స్‌కి ఫోన్లు చేసి అప్పు అడుగుతారా? ఇప్పుడు దీని మీద హెలాక్ వేసుకుంటే, 8 శాతం వడ్డీ అనుకున్నా నెలకు ఇంకో 400. ఆ 36 రోజులు 34 అవుతాయి.

మీ ఆవిడ జీతం ఉంది కదా అనుకుంటున్నారని నాకు తెలుసు. ఉత్తరంలో "ఇద్దరి జీతాలూ" అని రాసిన తీరులోనే ఆ ధీమా కనిపిస్తోంది. అవి రెండు జీతాలు కావు. ఒకే మేకుకు తగిలించిన రెండు చొక్కాలు. మేకు ఊడితే రెండూ కింద పడతాయి. ఆమె హెచ్-4 మీ హెచ్-1బిని పట్టుకుని ఉంది, ఆమె ఈఏడీ ఆ హెచ్-4ను పట్టుకుని ఉంది. పైగా 2025 అక్టోబరు 30 నుంచి రెన్యువల్‌కి పెట్టిన ఈఏడీలకు అంతకుముందులా 540 రోజుల ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కొత్త కార్డు చేతికి రావడం ఆలస్యమైతే మీ ఉద్యోగం బాగానే ఉన్నా ఆమె జీతం మధ్యలో ఆగిపోవచ్చు. ఆమె ఈఏడీ మీద తేదీ ఎప్పటిదో మీరు రాయలేదు. ఈ రోజే తీసి చూడండి. మీ ఉద్యోగం పోయిన ఆ అరవై రోజుల్లో ఆమె పని చేయవచ్చా అన్నది ఇమిగ్రేషన్ లాయరు చెప్పాల్సిన మాట. నా లెక్కలో మాత్రం ఆమె జీతం దగ్గర సున్నా వేస్తాను.

2023 ఫిబ్రవరిలో, లేఆఫ్‌లు జోరుగా నడుస్తున్న రోజుల్లో, పిస్కాటవేలో ఒక ఇంటికి వెళ్లాను. వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద క్యాలెండర్, ఒక్కో రోజు మీదా ఎర్ర పెన్నుతో అడ్డగీత. నేను వెళ్లేసరికి నలభై మూడో గీత పడింది. టేబుల్ మీద ప్లాస్టిక్ ఫైల్, అందులో నాలుగు ప్లాట్ల కాగితాలు. ఒక్కటి కూడా రెండు నెలల్లో అమ్ముడుపోయేది కాదు. అమ్మబోతే కొన్న ధర కూడా రాదని మధ్యవర్తి చెప్పాడట. ఆ నెల ఇంటి వాయిదా ఎలా కట్టారని అడిగితే ఆయన తల దించుకున్నాడు. క్రెడిట్ కార్డు మీద క్యాష్ అడ్వాన్స్ తీసుకున్నాడు. నాలుగు ప్లాట్ల ఆసామి! యాభై రెండో రోజున ఉద్యోగం దొరికింది. కార్డు బాకీ తీరడానికి రెండేళ్లు పట్టింది.

మీరు తీసుకుందామనుకుంటున్న అప్పుల సంగతికి వద్దాం. 401(కె) లోన్‌కి "నా డబ్బు నేనే తీసుకుంటున్నా, వడ్డీ కూడా నాకే" అని ఆఫీసులో ఎవరో చెప్పే ఉంటారు. ఉద్యోగం ఉన్నంతకాలం ఆ మాట కొంత నిజమే. ఉద్యోగం పోయిన ఏడాదికి పన్ను రిటర్న్ వేసే గడువులోగా మిగిలిన బాకీ తిరిగి జమ చేయాలి. లేదంటే అదంతా మీరు విత్‌డ్రా చేసినట్టే. 50,000 మీద 10 శాతం పెనాల్టీ, అంటే 5,000, ఆపైన పన్ను వేరే. జీతం ఆగిపోయిన ఏడాదే ఈ బిల్లు వస్తుంది. హెలాక్ ఇంకో రకం. మీ ఆర్థిక పరిస్థితి మారిందని బ్యాంకుకు అనిపిస్తే మిగిలిన లిమిట్‌ని ఆపేయవచ్చు. "హెలాకే మా ఎమర్జెన్సీ ఫండ్" అనేవాళ్లు నాకు నెలకు ఇద్దరైనా తగులుతారు. అవసరం పడిన రోజునే తాళం పడే బీరువా అది. పైగా దానికి తాకట్టు మీ పిల్లలు పడుకునే ఇల్లు.

ప్లాట్ గురించి రెండు ముక్కలు చాలు. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు చాలామటుకు కాగితాల మీద వ్యవసాయ భూమే. ఎన్నారైలు వ్యవసాయ భూమిగానీ ఫామ్‌హౌస్‌గానీ కొనడానికి ఇండియా విదేశీ మారక చట్టం ఫెమా ఒప్పుకోదు, బ్రోచర్‌లో ఎన్ని మామిడి మొక్కలు చూపించినా సరే. ఇక మీరు డబ్బు పెట్టి బావమరిది పేరున రిజిస్ట్రేషన్ చేయించడం బినామీ చట్టం కిందకు వస్తుంది. అతను మంచివాడే కావచ్చు. అతని పిల్లలకు, రేపు వచ్చే కోడలికి, అతని అప్పులవాళ్లకు మాత్రం అది అతని భూమే.

ఇంతకీ మిమ్మల్ని భయపెట్టిన ఆ లేఖలో మీ ఇంటికి సంబంధించినది ఎంత? నిజానికి ఇలాంటి లేఖలు పంపే అసెంబ్లీ సభ్యులను నేను మెచ్చుకుంటాను. కానీ ఏది ఎవరి చేతిలో ఉందో తెలుసుకుని చదవాలి. వీసాలు, ఐస్ రెండూ వాషింగ్టన్ చేతిలో ఉన్నవి. 2025 జులై 4న సంతకమైన చట్టంలో ఇమిగ్రేషన్ నిర్బంధ కేంద్రాలకే 4,500 కోట్ల డాలర్లు ఇచ్చారు. రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌లో కూర్చున్నవాళ్లు దాన్ని ఆపలేరు. అలాంటి నిర్బంధ కేంద్రం ఒకటి, డెలానీ హాల్, మన పక్కనే న్యూవార్క్‌లో ఉంది. 2025లో దాన్ని తెరవడం మీద నగర మేయరే గొడవ పడి అరెస్టయ్యారు, అయినా కేంద్రం ఆగలేదు. రాష్ట్రం చేయగలిగింది తన పోలీసులను అదుపులో పెట్టుకోవడం. 2018లో అటార్నీ జనరల్ ఇచ్చిన ఇమిగ్రెంట్ ట్రస్ట్ డైరెక్టివ్ చేసింది అదే. మన లోకల్ పోలీసులు ఐస్ పనిలో ఎంతవరకు చేయి కలపవచ్చో గీత గీసింది. ఫెడరల్ అధికారులకు ఆ గీత వర్తించదు.

స్టేటస్ సరిగ్గా ఉన్న మీలాంటి కుటుంబానికి తలుపు తట్టే ఐస్ కన్నా హెచ్‌ఆర్ నుంచి వచ్చే పదిహేను నిమిషాల మీటింగ్ ఇన్వైట్ ఎక్కువ ప్రమాదం. అయినా భయం పోవాలంటే పైసా ఖర్చు లేని పనులు ఉన్నాయి, అవి చేయండి. ఐ-94 ప్రింట్ దగ్గరుంచుకోండి. పద్దెనిమిది దాటినవాళ్లు ఇమిగ్రేషన్ రిజిస్ట్రేషన్ పత్రం వెంట పెట్టుకోవాలన్నది చట్టమే. ఇల్లు మారితే పది రోజుల్లో అడ్రసు మార్పు ఫారం ఏఆర్-11 వేయండి. బ్యాంకు ఖాతాలన్నీ ఇద్దరి పేరునా ఉండేలా చూడండి. ఒకరు అందుబాటులో లేకపోయినా రెండోవారు ఇంటి వాయిదా కట్టగలగాలి. ఒకవేళ ఎవరినైనా నిర్బంధించి బాండ్ ఇస్తే అది కనీసం 1,500 డాలర్లు, చాలాసార్లు అంతకు ఎన్నో రెట్లు, పూర్తి మొత్తం ఒకేసారి కట్టాలి. షాద్‌నగర్ గుంటలు చూపిస్తే తీసుకోరు.

లేఖలోని బడ్జెట్ సగంలో మీకు పనికొచ్చేది ఒకటి ఉంది, దాన్ని మీరు ప్రస్తావించనే లేదు. యాంకర్ అనే రాష్ట్ర ఆస్తిపన్ను ఉపశమన పథకం. ఇప్పటిదాకా నడిచిన స్లాబుల ప్రకారం లక్షన్నర నుంచి రెండున్నర లక్షల డాలర్ల ఆదాయమున్న సొంతింటివారికి 1,000 డాలర్లు. దరఖాస్తు పెట్టారా? పెట్టి ఉండరు. ఇది ప్రతి ఏటా బడ్జెట్‌లో డబ్బు కేటాయిస్తేనే వచ్చేది. 2025 జూన్ 30న సంతకమైన రాష్ట్ర బడ్జెట్ 5,880 కోట్ల డాలర్లు, ఇక ఇప్పుడు ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాల నెత్తిన కొత్త ఖర్చులు పెడుతోంది. 2026 అక్టోబరు నుంచి పేదలకు ఆహార సాయమిచ్చే స్నాప్ పథకం నిర్వహణ ఖర్చులో రాష్ట్రం వాటా 50 నుంచి 75 శాతానికి పెరుగుతుంది. కాబట్టి ఆ వెయ్యిని మీ బడ్జెట్‌లో రాసుకోకండి, వస్తే ఫండ్‌లో వేయండి. ఇంకో చిన్న మాట. 2017 జులైలో బడ్జెట్ తేలక రాష్ట్రం మూడు రోజులు మూతపడినప్పుడు డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులూ మూశారు. మీ లైసెన్స్ ఇక్కడ ఉండటానికి మీకున్న గడువు తేదీతో ముడిపడి ఉంటుంది, రెన్యువల్‌ని జూన్ నెలాఖరుకు వాయిదా వేయకండి.

ఇప్పుడు ఫండ్. మీకు కావాల్సింది 65,000. ఆరు నెలల ఖర్చు 55,000, మిగతా పది వేలు లాయరుకీ, నాలుగు వన్-వే టికెట్లకీ. మూడు నెలలు చాలదా అని అడుగుతారు. సిటిజన్లకు చాలవచ్చు, వాళ్లకు ఉద్యోగం పోతే ఉద్యోగమే పోతుంది. షేర్లలోంచి 15,000 అమ్మి ఈ వారమే సేవింగ్స్‌లో పడేయండి. 11,000తో కలిపితే 26,000, దాదాపు మూడు నెలలు. మార్కెట్ పెరుగుతోంది, ఇప్పుడు అమ్మడమా అనకండి. ప్లాట్ కోసం 1,10,000 అప్పు చేయడానికి సిద్ధపడ్డ మనిషి ఆ మాట అనకూడదు. 401(కె)కి మీ జీతంలోంచి ఎంత శాతం పోతోందో చూసుకుని, ఫండ్ నిండేదాకా కంపెనీ తన వంతు (మ్యాచ్) కలిపేంతవరకే ఉంచండి. నెలనెలా షేర్లలోకి వేస్తున్నది ఆపండి. రెండూ కలిసి నెలకు 2,000 మిగిలినా ఏడాదికి 24,000. బోనస్ వస్తే అది అచ్చంగా ఇందులోకే. ఏడాదిన్నరలో మీరు 65,000 దగ్గరుంటారు. ఇదంతా మామూలు సేవింగ్స్ ఖాతాలో, ఇద్దరి పేరునా ఉండాలి. ఇందులోంచి ఒక 5,000 మాత్రం ఇండియా బ్యాంకులో ఎన్నారైలకిచ్చే ఎన్నార్ఈ ఖాతాలో పెట్టుకోండి, దిగిన రోజున అద్దె అడ్వాన్స్‌కి. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏ ఒక్క రోజు 10,000 డాలర్లు దాటినా విదేశీ ఖాతాల రిపోర్టు ఎఫ్‌బార్ వేయాలని గుర్తుంచుకోండి. డబ్బు పంపడం మీద కొత్తగా వచ్చిన 1 శాతం పన్ను నగదు, మనీ ఆర్డర్ లాంటివాటికే. బ్యాంకు ఖాతా నుంచి పంపేవాళ్లకు లేదు, దాని గురించి కంగారు వద్దు.

ఇన్సూరెన్స్‌కి ఒక మాట. కంపెనీ ఇచ్చిన లైఫ్ కవర్ ఉద్యోగంతోనే పోతుంది, సొంతంగా టర్మ్ పాలసీ తీసుకోండి. ఉద్యోగం పోయాక అదే ఆరోగ్య బీమాను సొంత డబ్బుతో కొనసాగించే కోబ్రా ప్రీమియం కుటుంబానికి నెలకు 2,000 దాటడం మామూలే. అది మీ 9,200లో లేదు.

65,000 నిండాక, ఇండియాలో ఏదైనా కొనాలని అప్పటికీ అనిపిస్తే, అప్పు లేకుండా, మీ పేరున, రెరా నంబరున్న అపార్ట్‌మెంటో ఓపెన్ ప్లాటో చూద్దాం. అంతకుముందు వద్దు.

ఈ రాత్రికి బావమరిదికి ఫోన్ చేయండి. అడ్వాన్స్ ఏమైనా ఇచ్చేశాడేమో అడగండి. ఇచ్చి ఉంటే ఎంత, రసీదు ఎవరి పేరున ఉంది, ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తామని అందులో రాసి ఉందో ఫొటో తీసి పంపమనండి.