పెరట్లో తాండూరు బండలు కుంగుతుంటే

పెరట్లో పరిచిన తాండూరు బండలు ఒక్క వానకాలానికే కుంగి ఊగుతుంటే, దానికి కారణం చాలావరకు బండల నాణ్యత కాదు, వాటి కింద సరిగా దిమ్మిస (నేలను గట్టిపరిచే బరువైన సాధనం) కొట్టకుండా వదిలిన నేల.

1. ఊగుతున్న బండలను తీసి, మెత్తని మట్టిని జానెడు లోతున తవ్వివేయండి.

2. పికప్ బండిలో తెప్పించిన కంకర, రాతిపొడి మిశ్రమాన్ని ఒకేసారి నింపకుండా 7 నుంచి 10 సెంటీమీటర్ల పొరలుగా పోసి, ప్రతి పొరనూ కొద్దిగా తడిపి, దిమ్మిస అచ్చు పడనంత గట్టిగా కొట్టండి. చాలామంది వదిలేసేది ఈ పనినే. అంతా నింపాక పైపైన కొడితే అడుగుభాగం గుల్లగానే మిగిలి, నీరు దిగగానే కుంగుతుంది.

3. ఇంటి గోడ నుంచి బయటికి మీటరుకు 1 నుంచి 2 సెంటీమీటర్ల వాలు ఉంచి, పలుచగా ఇసుక పరిచి బండలు అమర్చండి.

కొత్త బండలను పికప్‌లో పడుకోబెట్టకుండా అంచు మీద నిలిపి, తాడుతో బిగించి తెప్పించండి. దిమ్మిస కొట్టిన నేల మీదికి బండిని ఎక్కించవద్దు.