ఆంధ్రా యూనివర్సిటీని చేరకముందు ఒక్కరోజులో ఎలా చూడాలి?

ఇంటర్ రెండో సంవత్సరం ఎం.పి.సి. పరీక్షలు రాసి ఈఏపీసెట్‌కు సిద్ధమవుతున్నానని, ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదవాలని ఆశ ఉన్నా ఇంతవరకు ఆ ప్రాంగణంలో అడుగు పెట్టలేదని, ఇంట్లో కాలేజీ చదువు చదివినవారు లేనందువల్ల అంత పెద్ద చోటును ఒక్కరోజులో ఎలా చూడాలో, ఎవరిని ఏమి అడగాలో తెలియడం లేదని చీపురుపల్లి నుంచి మీరు రాశారు. నాన్నగారు కూడా మీతో వస్తానంటున్నారని చెప్పారు. నాది ఆమదాలవలస దగ్గర ఒక పల్లె. ఆ ప్రాంగణాన్ని నేను చేరకముందు ఒకసారి చూశాను, అది ఎందుకూ పనికిరాని చూపు. ఎనిమిదేళ్ల తరువాత మా చెల్లెలి కోసం మళ్ళీ వెళ్ళి, చూడవలసిన విధంగా చూశాను. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెబితే మీకు ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను.

మొదటిసారి మా మేనమామ తీసుకువెళ్ళారు. ఆయన విశాఖపట్నంలో ఉద్యోగి కనుక తీరిక దొరికేది ఆదివారమే. నాన్న, నేను తెల్లవారుజామున శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి దిగేసరికి మామయ్య స్టేషన్ బయట నిలబడి ఉన్నారు. చెట్ల నీడన రోడ్లు, పాత రాతి భవనాలు, సి.ఆర్.రెడ్డి పేరుతో ఉన్న స్నాతకోత్సవ మందిరం, వి.ఎస్.కృష్ణ పేరుతో ఉన్న గ్రంథాలయం అన్నీ చూపించారు. గ్రంథాలయం తలుపులు మూసి ఉన్నాయి, తరగతి గదులకు తాళాలు వేసి ఉన్నాయి. విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు వచ్చిందని, ఆ సి.ఆర్.రెడ్డి, అంటే కట్టమంచి రామలింగారెడ్డి, తొలి ఉపకులపతి (వైస్ ఛాన్సలర్) అని, 1931 నుంచి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ పదవిలో ఉన్నారని, జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చి సైన్సు చదువులను నిలబెట్టారని మామయ్య ఎంతో గౌరవంతో చెప్పారు. నాన్న ఆ మాటలు విని, చెట్ల కింద నిలబడి, "ఇంత పెద్ద బడిలో సీటొస్తే ఇంకేటి కావాల్రా" అన్నారు. సాయంత్రం బీచ్ రోడ్డు మీద కాసేపు కూర్చుని తిరుగు రైలెక్కాము. ర్యాంకు వచ్చాక ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని మామయ్య స్నేహితులు చెప్పిన వరుసలో వెబ్ ఆప్షన్లు పెట్టాము. స్టీల్ ప్లాంట్ ఉన్న ఊరు కదా, మెటలర్జీ తీసుకుంటే మంచిదని ఎవరో అన్నందువల్ల అది రెండో స్థానంలోకి వచ్చింది, నాకు సీటు అందులోనే వచ్చింది.

చేరిన మొదటిరోజు నేను ఆ గ్రంథాలయం దగ్గరకే వెళ్ళి ఇంజనీరింగ్ కాలేజీ ఎక్కడని అడిగాను. నేను ఆదివారం చూసినదంతా దక్షిణ ప్రాంగణం. పరిపాలనా కార్యాలయాలు, ఆర్ట్స్, సైన్సు విభాగాలు అక్కడ ఉంటాయి. అక్కడ తిరిగే విద్యార్థుల్లో ఎక్కువమంది పీజీ వాళ్ళు, పరిశోధకులు. ఇంజనీరింగ్ కాలేజీ ఉత్తర ప్రాంగణంలో, మద్దిలపాలెం వైపు ఉంటుంది. నాలుగేళ్లలో నా తరగతి ఒక్కటైనా ఆ ఆదివారం మేము చూసిన భవనాల్లో జరగలేదు. మెటలర్జీలో ఏమి చదువుతారో కూడా నాకు తెలియదు. ఖనిజం నుంచి లోహాన్ని ఎలా తీస్తారు, దాన్ని వేడిచేసి చల్లార్చే తీరు మారితే లోపలి నిర్మాణం ఎలా మారుతుంది, ఒకే ఉక్కు ఒకచోట వంగి మరోచోట ఎందుకు విరుగుతుంది అన్నవి ఆ చదువులోని ప్రశ్నలని రెండో సంవత్సరంలో సూక్ష్మదర్శిని కింద మెరుగుపెట్టిన ఉక్కుముక్కను చూసిన రోజున నాకు తెలిసింది. ఆ రోజు నుంచి నేను ఆ శాఖను ప్రేమించాను. కానీ అది నా అదృష్టం మాత్రమే. నాలాగే ఎవరో చెప్పిన వరుసలో ఆప్షన్లు పెట్టి మరో శాఖలో చేరిన పలాస మిత్రుడొకరు రెండేళ్లు రోజూ ఉదయం బరువుగా తరగతికి వెళ్ళడం నేను దగ్గరగా చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బయలుదేరే ముందే ఒక విషయం తేల్చుకోవాలి. మన ప్రాంతంలో "ఆంధ్రా యూనివర్సిటీలో చదివాను" అనే మాటకు రెండు మూడు అర్థాలు ఉన్నాయి. అనుబంధ కాలేజీలో బీఎస్సీ చదివినవారూ, దూరవిద్యలో డిగ్రీ పొందినవారూ, ప్రాంగణంలో చదివినవారూ అదే మాట అంటారు, వారి పట్టాల మీద ఉండేదీ అదే పేరు. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లా డిగ్రీ కాలేజీలన్నీ దాని కిందే ఉండేవి. 2008లో ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక మారాయి. ఇంటర్ పూర్తిచేసి నేరుగా ప్రాంగణంలో చేరదలచినవారికి ఉన్న దారులు ముఖ్యంగా ఇంజనీరింగ్, ఫార్మసీ, ఐదేళ్ల న్యాయవిద్య, ఐదేళ్ల సమీకృత కోర్సులు. మీరు ఇంజనీరింగ్ అన్నారు కనుక ఇంకొక మాట చెప్పాలి. కౌన్సెలింగ్ జాబితాలో ఆ కాలేజీ పేరు రెగ్యులర్ సీట్లకు ఒకచోట, సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లకు మరోచోట వేర్వేరు కోడ్‌లతో కనిపిస్తుంది. ఫీజులో తేడా పెద్దది. మీకు వర్తించే ఫీజు రీయింబర్స్‌మెంట్ అందులో ఎంత భరిస్తుంది, మిగిలినది ఎప్పుడు కట్టాలి అన్నది కాలేజీ కార్యాలయంలో అడిగి, చెప్పినదాన్ని కాగితం మీద రాసుకోండి. విన్నది గుర్తుంటుందని అనుకోవద్దు.

ఇక రెండో ప్రయాణం. మా చెల్లెలు ఇంటర్ పూర్తిచేసినప్పుడు నేను ఒక మంగళవారం ఎంచుకున్నాను. పరీక్షలు, సెలవులు లేని వారమని ముందుగా తెలిసినవారితో మాట్లాడి నిర్ధారించుకున్నాను. మీరు చేయవలసిన మొదటి పని ఇదే. తరగతులు జరగని రోజున విశ్వవిద్యాలయం అంటే భవనాలు, చెట్లు మాత్రమే. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో తెల్లవారుజామున బస్సెక్కి, రణస్థలం, తగరపువలస, ఆనందపురం మీదుగా వెళ్ళి, చివరి వరకు పోకుండా మద్దిలపాలెంలో దిగిపోయాము. అక్కడి నుంచి ఇంజనీరింగ్ కాలేజీ దగ్గర. మీరు చీపురుపల్లిలో రైలెక్కి విశాఖపట్నంలో దిగవచ్చు, లేదా విజయనగరం వరకు వచ్చి అక్కడి నుంచి బస్సులో మద్దిలపాలెం చేరవచ్చు. ఎలా వెళ్ళినా మొదటి తరగతి మొదలయ్యే వేళకు లోపల ఉండేలా చూసుకోండి, ఎందుకంటే విద్యార్థులు ఏ వైపు నడుస్తున్నారో, ఎంతమంది నడుస్తున్నారో ఆ వేళలోనే కనిపిస్తుంది.

మా చెల్లెలికి కంప్యూటర్ సైన్స్ మీద మనసు. నేరుగా ఆ విభాగం కార్యాలయానికి వెళ్ళి, ఈ ఏడాది చేరాలనుకుంటున్నామని, తరగతులకు ఆటంకం కలగకుండా ప్రయోగశాలలు చూడవచ్చా అని అడిగాము. హాల్ టికెట్, ఆధార్ కార్డు దగ్గర ఉంచుకున్నాము. అరగంట వేచి ఉండమన్నారు, ఉన్నాము. తరువాత ఒక అధ్యాపకులు మమ్మల్ని లోపలికి పిలిచి చెల్లెలి మార్కుల గురించి కాక, ఆమెకు ఏ లెక్కలంటే ఇష్టమో అడిగారు. ఆ వేచి ఉన్న అరగంటలోనే మేము ఎక్కువ నేర్చుకున్నాము. నోటీసు బోర్డు మీద అంటించిన ప్రతి కాగితమూ చదివించాను. ఇంటర్నల్ పరీక్షల తేదీలు, హాజరు తగ్గినవారి జాబితా, ఏ కంపెనీ ఎప్పుడు వస్తుంది, ఏ శాఖలవారు అర్హులు, ప్రాజెక్టుల కేటాయింపు అన్నీ అక్కడే ఉంటాయి. ఒక విభాగం ఎలా నడుస్తోందో ఆ బోర్డు చెప్పినంతగా రంగుల పుస్తకం చెప్పదు. కాగితాల మీద తేదీలు ఈ నెలవా, రెండేళ్ల కిందటివా అన్నదీ చూడండి. టైం టేబుల్‌ను ఫోటో తీసుకుని, ఆ గంటలో జరగాల్సిన తరగతి నిజంగా జరుగుతోందా అని తలుపు పక్కగా నడుస్తూ గమనించండి. ప్రయోగశాలలో పరికరం ఉండటం ఒకటి, దాని మీద విద్యార్థి చెయ్యి ఉండటం మరొకటి. ఒక్కో యంత్రం దగ్గర ఎంతమంది నిలబడ్డారో లెక్కపెట్టండి.

తిరిగి వస్తూ మాకు తోడిచ్చిన ల్యాబ్ సహాయకుడిని ఇతర శాఖలు కూడా చూడవచ్చా అని అడిగాము. విశాఖపట్నం ఓడరేవు ఊరు కనుక నౌకా నిర్మాణం, మెరైన్ ఇంజనీరింగ్ వంటి, చాలా కాలేజీల్లో దొరకని చదువులు అక్కడ ఉన్నాయి. మన పల్లెల నుంచి వచ్చే పిల్లలకు వాటి పేర్లు కూడా తెలియవు, అది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి. చెల్లెలు అవేవీ కోరుకోలేదు. ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో మాత్రం ఒక విద్యార్థిని, విద్యుత్ సంకేతాలను తెర మీద గీతగా చూపే ఆసిల్లోస్కోప్ మీద పచ్చని తరంగాన్ని నిలబెట్టి, ఒక మీట తిప్పితే అది ఎలా సాగుతుందో చూపించింది. చెల్లెలు పది నిమిషాలు అక్కడి నుంచి కదలలేదు. ఇంటికి వచ్చాక ఆప్షన్ల వరుసను తానే తిరగరాసుకుంది, ఎలక్ట్రానిక్స్ మొదటికి వచ్చింది. నేను ఒక్కమాట కూడా అనలేదు.

ఎవరిని అడగాలన్నది మీ ముఖ్యమైన ప్రశ్న. మొదటి సంవత్సరం వాళ్ళకు ఇంకా ఏదీ తెలియదు. నాలుగో సంవత్సరం వాళ్ళు ఉద్యోగాల ఆందోళనలో ఉంటారు. మూడో సంవత్సరం వాళ్ళను అడగండి. క్యాంటీన్ దగ్గర మేము టీ తాగుతుంటే మా మాట తీరు విని ఒక అబ్బాయి, "ఏటి, మీది సిక్కోలా?" అంటూ దగ్గరికి వచ్చాడు. టెక్కలి వైపు అతను. గంటసేపు కూర్చుని మాట్లాడాడు. మన యాస అక్కడ చుట్టరికం వంటిది, దాన్ని దాచుకోవద్దు. అయితే "కాలేజీ బాగుంటుందా?" అని అడిగితే అందరూ బాగుంటుందనే అంటారు. నిన్న మీకు ఎన్ని తరగతులు జరిగాయి, గత సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు ఎక్కువమందికి పోయింది, ఎందుకు పోయింది, అర్థం కాకపోతే ఎవరి గదికి వెళ్ళి అడుగుతారు, మీ శాఖలో గత ఏడాది చదువు పూర్తిచేసినవారిలో మీకు తెలిసిన ఐదుగురు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు అని అడగండి. తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివినవారైతే, మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లీషు పాఠాలను ఎలా దాటారో తప్పక అడగండి. నేను ఆ ప్రశ్న అడగలేదు, అందుకే మొదటి మూడు నెలలు నోట్సు రాయడం కూడా చేతకాక మౌనంగా కూర్చున్నాను.

హాస్టల్ గురించి క్లుప్తంగా చెబుతాను. మొదటి సంవత్సరం వారికి గది ఎప్పుడు ఇస్తారు, ఒక గదిలో ఎంతమంది, మెస్ బిల్లు స్థిరమైనదా లేక నెల ఖర్చును అందరికీ పంచే డివైడింగ్ పద్ధతా, నిరుడు వేసవిలో నీళ్ళు ఎలా ఉన్నాయి అన్నవి చాలు. వీలైతే అక్కడి విద్యార్థి అతిథిగా మధ్యాహ్న భోజనం మెస్‌లోనే చేయండి. గ్రంథాలయాన్ని పని గంటల్లో లోపలికి వెళ్ళి చూసే అనుమతి కౌంటర్‌లో అడగండి. నేను మొదటిసారి బయటి నుంచి చూసిన ఆ మూసిన తలుపులు మా చెల్లెలికి తెరిచి కనిపించాయి.

విజయనగరం కూడా మరచిపోవద్దు. అక్కడి ఇంజనీరింగ్ కాలేజీ 2007లో మొదలై, 2022లో జె.ఎన్.టి.యు. గురజాడ విశ్వవిద్యాలయమైంది. మీకు రైలులో ఎంతో దూరం కాదు, రోజూ ఇంటి నుంచి వెళ్ళి రావడం సాధ్యమేనేమో కూడా ఆలోచించవచ్చు. ఇదే పద్ధతిలో ఒక పనిదినాన దాన్నీ చూడండి. పెద్ద పేరు, చిన్న పేరు అని కాకుండా, మీరు ఎంచుకున్న అదే శాఖ రెండు చోట్లా ఎలా నడుస్తోందో పోల్చండి. నేనైతే ముందు విజయనగరం చూసి, ఆ అనుభవంతో విశాఖపట్నం వెళ్ళమంటాను, ఎందుకంటే రెండోచోట ప్రశ్నలు పదునుగా వస్తాయి.

నాన్నగారిని తప్పక వెంట తీసుకువెళ్ళండి. విద్యార్థులతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆయన్ను కాసేపు చెట్టు నీడన కూర్చోమనండి, పెద్దల ముందు పిల్లలు మనసు విప్పరు. ఆయన అడిగే ప్రశ్నలను తేలికగా తీసుకోవద్దు. మొదటి ఆదివారం మా నాన్న గేటు దగ్గరున్న కాపలాదారుని అడిగిన ప్రశ్న ఒక్కటే: "బాబూ, సంక్రాంతికి మావోళ్ళు ఎలా వస్తారు?" పండగ ముందురోజు రైలు పెట్టెలో నిలబడే చోటు ఉండదని, మద్దిలపాలెంలో నిలబడితే బస్సులు అప్పటికే నిండి వస్తాయని, విశాఖపట్నం బస్ కాంప్లెక్స్ వరకు వెళ్ళి ఎక్కమని ఆ కాపలాదారు చెప్పారు. ఆ ఒక్క సమాధానం నాలుగు సంక్రాంతులకూ నాకు పనికివచ్చింది, నాన్న నాలుగుసార్లూ శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో నాకోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.