శనివారం వద్దు, శుక్రవారం వెళ్దామని అడుగు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ల్యాబ్‌లో నీ పక్క సీటు కొరియా అమ్మాయి శనివారం మధ్యాహ్నం నిన్ను భోజనానికి పిలిచిందట, అదీ పాతకాలం పెంకుటిల్లులా ముస్తాబు చేసిన బఫేకట. అక్కడ నువ్వేం తింటావో, తినకూడనిదేం నోట్లో పడుతుందో అని మీ అమ్మకు టెన్షన్. నాకు మాత్రం చాలా సంతోషమేసింది. కొరియాలోని సువాన్‌లో పదకొండేళ్లు కాపురం చేసినదాన్ని, వాళ్ల సంగతి నాకు తెలుసు. మనం కనబడగానే "తిన్నావా?" అన్నట్టే వాళ్లూ "బాప్ మొగొస్సొ?" అంటారు, ఎప్పుడైనా కలిసి తిందామని అందరితోనూ అంటారు, కానీ ఫలానా రోజు, ఫలానా టైముకి రమ్మన్నారంటే నిన్ను దగ్గరిదానిగా అనుకున్నట్టే.

ముందు ఒక పని చెయ్యి. నువ్వేం తినవో ఆ అమ్మాయికి ఇవాళే చెప్పేయ్. హోటల్‌కి వెళ్లాక కాదు, ఇవాళే, కకావోటాక్ అనే చాట్ యాప్‌లో ఒక్క మెసేజ్.

నేను చెప్పలేదు. వెళ్లిన మొదటి ఏడాది మా పై అంతస్తు ఆవిడ ఇలాంటి చోటికే తీసుకెళ్లింది. నాకంటే నాలుగేళ్లు పెద్దది, "ఒన్నీ" అని పిలిచేదాన్ని, అంటే అక్కా అని. పిలిచిన మనిషి దగ్గర అది తినను ఇది తినను అనడం బాగుండదని మొహమాటపడి, నాకు కావలసింది నేనే ఏరుకుంటాలే అనుకున్నాను. భోజనం మధ్యలో ఆవిడ అరచేతిలో లెట్యూస్ ఆకు పరిచింది, దాని మీద క్కెన్నిప్ అని ఘాటు వాసన వేసే ఆకు ఇంకొకటి, కాస్త అన్నం, మాంసం ముక్క, గోరంత కారపు సోయా ముద్ద సామ్‌జాంగ్, పచ్చి వెల్లుల్లి రేకు పెట్టి చిన్న మూటలా మడిచి నా నోటి దగ్గరికి తెచ్చి "ఆ" అంది. దాన్ని స్సామ్ అంటారు. మా అమ్మమ్మ డాబా మీద మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ముద్దలు పెట్టిన చెయ్యి లాంటిదే ఆ చెయ్యి. కానీ అది గొడ్డుమాంసమని తెలిసి తల తిప్పేసుకున్నాను. ఆవిడ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. తర్వాత ఆ ముద్ద తనే తినేసి, మాట్లాడకుండా నా గ్లాసులో నీళ్లు పోసింది. వారం తర్వాత ధైర్యం చేసి విషయం చెబితే, "ముందే అనుంటే కోడిమాంసంతో చుట్టేదాన్ని కదా" అని నన్నే కోప్పడింది.

అందుకే చెబుతున్నా. "సోగోగి మొన్‌మొగొయో" అంటే గొడ్డుమాంసం తినలేనని. పందిమాంసం ద్వేజిగోగి, కోడిమాంసం తక్‌గోగి. ఈ మూడు మాటలూ నోటికి పట్టించుకో. మాంసం ముక్కగా కనబడకపోయినా లోపల ఉండొచ్చు. సముద్రపు నాచుతో చేసే మియొక్‌గుక్ సూప్‌లో గొడ్డుమాంసం వేయడం మామూలు, జాప్చే సేమ్యాల్లోనూ సన్నగా తరిగి కలుపుతారు, నాచు ఆకులో చుట్టే అన్నం కింబాప్‌లో హ్యామ్, అంటే పందిమాంసం, ఉంటుంది. పులిసిన క్యాబేజీ పచ్చడి కిమ్చీలో ఉప్పు రొయ్యలో, చేపల రసమో పడుతుంది, చాలా పులుసులకు ఎండు చేపలు మరిగించిన నీళ్లే ఆధారం. నువ్వు చేపా కోడీ తింటావు గనక పరవాలేదు, కానీ శనివారం నీసు ముట్టవు కదా! అదీ చెప్పి శుక్రవారానికి మార్చమను. పైగా ఇలాంటి చోట్ల మామూలు రోజుల్లో మధ్యాహ్నం ధర శని ఆదివారాల కంటే తక్కువ.

ఈ కొరియా వంటల బఫేలు ఒకప్పుడు ఎక్కడ చూసినా ఉండేవి. 2013లో సీజే ఫుడ్‌విల్ కంపెనీ వాళ్లు గ్యేజోల్‌బాప్‌సాంగ్ అనే బఫే పెట్టారు, ఆ మాటకు అర్థం రుతువుల భోజనమని. 2014లో ఈలాండ్ వాళ్లు జాయోన్‌బ్యోల్‌గోక్ మొదలుపెట్టి రాజుగారి భోజనం థీమ్‌తో జనాన్ని లాగారు. 2020 ఆగస్టులో కరోనాకి సియోల్ చుట్టుపక్కల బఫేలన్నీ మూయమన్నారు, అప్పుడు దెబ్బతిన్నవి చాలా వరకు మళ్లీ తేరుకోలేదు. అందుకే ఇంకా నడుస్తున్న చోటు ఒకటి నీకు చూపిస్తానందంటే ఆ పిల్ల ఆలోచించే పిలిచింది.

లోపలికెళ్లగానే ప్లేటు పట్టుకోకు. ఆ అమ్మాయితో కలిసి ఖాళీ చేతులతో ఒక చుట్టు తిరుగు, ఇదేంటి, మీ అమ్మ ఇది చేస్తుందా, చిన్నప్పుడు ఏది ఇష్టం అని అడుగుతూ. సగం స్నేహం అక్కడే కుదురుతుంది. అక్కడ కూర్చునే టైముకి చాలాచోట్ల లెక్క ఉంటుంది, గంటన్నరో కాస్త అటూఇటూనో, అందుకని నువ్వొకసారి, తనొకసారి లేచి వెళ్తుంటే ఎదురుబొదురు కూర్చునే సమయమే మిగలదు. ఇద్దరూ కలిసి లేవండి, కలిసి కూర్చోండి.

మొదట గుమ్మడికాయ జావ, హోబాక్‌జుక్, రెండు గరిటెలు. తర్వాత బిబింబాప్, అంటే కూరలు కలిపిన అన్నం, నువ్వే కలుపుకో. పాలకూర, మొలకల నాముల్ (ఉడికించి కలిపిన కూర), గుడ్డు, గొచుజాంగ్ అనే మిరపకాయ ముద్ద, పైన నువ్వులనూనె. ఆవకాయ అన్నంలో నువ్వులనూనె వేసుకున్నట్టే ఉంటుంది, ఆ వాసనకే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగేవి. గొచుజాంగ్ తియ్యగా ఉంటుంది, మన కారానికి సరిపోలేదని గుమ్మరించుకోకు, ఉప్పెక్కువై పాడవుతుంది. అన్నం చెంచాతోనే తిను, గిన్నె చేత్తో పైకెత్తకు, చెంచాగానీ తినే పుల్లలుగానీ అన్నంలో నిలువుగా గుచ్చకు, అది చనిపోయినవాళ్లకు పెట్టే పద్ధతి. కారానికి ముక్కు కారితే లేచి పక్కకి వెళ్లి చీదుకో.

ప్లేటులో వదిలేయకు తల్లీ. వదిలేస్తే కొన్నిచోట్ల అదనంగా డబ్బు వసూలు చేస్తారు, అంతకంటే ఆ దేశంలో అన్నం పారేయడం నిజంగానే పెద్ద విషయం. 2005 నుంచి తిండి వ్యర్థాల్ని నేరుగా చెత్తలో పూడ్చడమే నిషేధం. ఇళ్లల్లో విడిగా తీసి ఇవ్వాలి, చాలా అపార్ట్‌మెంట్లలో ఎంత బరువు పారేస్తే అంత రుసుము. కొంచెం కొంచెం పెట్టుకో, మళ్లీ వెళ్లు.

ఆ అమ్మాయి ఆకులో ముద్ద చుట్టి చెయ్యి చాపితే ఇంక భయం లేకుండా నోరు తెరువు. ఒక్కసారే మొత్తం పెట్టుకోవాలి, సగం కొరకకూడదు, బుగ్గలు ఉబ్బినా సరే. తర్వాత నువ్వూ ఒకటి చుట్టి తన నోట్లో పెట్టు.

డబ్బు విషయం. పిలిచినామె, అందులోనూ వయసులో పెద్దయితే, తనే కట్టేస్తుంది, అప్పుడు కౌంటర్ దగ్గర పేచీ పెట్టుకోకు. "జాల్ మొగొస్సుమ్నిదా", బాగా తిన్నానని చెప్పి, "కాఫీ నేనిప్పిస్తా" అని బయటికి తీసుకెళ్లు. పక్క వీధిలోనే కాఫీ షాపు ఉంటుంది. టిప్పు ఇవ్వకు, అక్కడ ఆ అలవాటు లేదు.

చివర్లో పొట్టలో కాస్త చోటుంచుకుని నురుంగ్జి ఉందేమో వెతుకు. గిన్నె అడుగున పట్టిన అన్నం మాడు, దాంట్లో వేడినీళ్లు పోసి ఇస్తారు. నేను చిన్నప్పుడు మీ అమ్మతో పోట్లాడి మరీ తిన్నది అదే. దొరికిందో లేదో శుక్రవారం రాత్రి నాకు మెసేజ్ పెట్టు, మీ అమ్మకి నేను చెబుతాను.

మీ పెద్దమ్మ