నమ్మిన మెకానిక్ బిల్లు రెట్టింపు వేస్తే...

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. నేనూ, ఒక మిత్రుడూ కలిసి పాత సెస్నా 172 విమానం కొనుక్కున్నాం. ఆరేళ్లుగా ఒకే మెకానిక్ చూస్తున్నాడు, చాలా నమ్మకస్తుడు. ఈసారి యాన్యువల్ ఇన్‌స్పెక్షన్, మాగ్నెటో (ఇంజిన్‌లో ఇంధనం మండించే నిప్పురవ్వ పుట్టించే భాగం) రిపేరు కలిపి 3,500 డాలర్లు అవుతుందన్నాడు. తీరా మధ్యలో ఒక్క ఫోన్ కూడా చేయకుండా 6,900 బిల్లు చేతిలో పెట్టాడు. విమానం ఇంకా అతని హ్యాంగర్‌లోనే ఉంది. గట్టిగా అడిగితే చెడతామేమోనని టెన్షన్. కట్టేయాలా, ఆపాలా?

జవాబు: ముందుగా 3,500 ఈ వారమే కట్టేయండి. దాని మీద మీకు పేచీ లేదు కదా! ఒప్పుకున్న డబ్బు కూడా ఆపితే తప్పు మీ వైపుకు వస్తుంది. పైగా టెక్సాస్ చట్టం ప్రకారం, రిపేరు డబ్బు ముట్టేదాకా విమానాన్ని తన దగ్గరే ఉంచుకునే హక్కు మెకానిక్‌కు ఉంది.

ఇక తగాదా అంతా మిగిలిన 3,400 మీదే. మీరు పంపిన బిల్లులో అది ఒకే లైను: 'మూడో సిలిండర్ మార్పు', పార్టు 1,640, గంటకు 110 చొప్పున 16 గంటల పని. ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి, కలిపేయకండి. ఆ పని అవసరమా? మిమ్మల్ని అడిగి చేశాడా?

అవసరమా కాదా అన్నది కాగితాల్లో తేలుతుంది. కంప్రెషన్ టెస్టులో, అంటే సిలిండర్ గాలి ఒత్తిడిని ఎంత నిలుపుతోందో చూసే పరీక్షలో, నాలుగు సిలిండర్ల అంకెలూ అడగండి. 80కి ఎంత వచ్చిందో రాస్తారు. మిగతావి 70ల్లో ఉండి మూడోది బాగా పడిపోతే అతని మాటకు బలం ఉంటుంది. గాలి ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర పోతోందా, పిస్టన్ రింగుల దగ్గరా అని అడగండి. బోర్‌స్కోప్ (సిలిండర్ లోపల చూసే సన్నని కెమెరా) ఫొటోలుంటే చూపించమనండి, తీసిన పాత సిలిండర్‌నూ చూడండి. పని నిజంగా అవసరమైతే, ఎవరి దగ్గరైనా ఆ ఖర్చు తప్పేది కాదు.

కానీ అడగకుండా చేయడం మాత్రం అతని పొరపాటే. ఇన్‌స్పెక్షన్‌లో లోపం దొరికి విమానాన్ని పాస్ చేయలేకపోతే, ఆ లోపాల జాబితా సంతకం చేసి యజమానికి ఇవ్వాలని ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన. అది చేతికొస్తే మీరు వేరేచోట ధర కనుక్కునేవారు. ఒక్క ఫోన్ చేయకపోవడం వల్ల ఆ అవకాశం మీకు పోయింది. అందుకే పార్టు డబ్బు పూర్తిగా ఇచ్చి, పని గంటల్లో తగ్గింపు అడగమంటాను. 16 గంటలు ఎలా పట్టాయో రోజువారీగా చెప్పమనండి. ఎదురుగా కూర్చుని మాట్లాడి, తేలినదాన్ని ఈమెయిల్‌లో రాసుకోండి. మీరిద్దరు భాగస్వాములూ ముందే ఒక అంకె అనుకుని వెళ్లండి. ఒకరు మెత్తబడి ఇంకొకరు బిగిస్తే పని చెడుతుంది.

టెక్సాస్‌లో 20,000 డాలర్ల వరకు తగాదాలకు జస్టిస్ కోర్టుకు (చిన్న మొత్తాల దావాలు చూసే కోర్టు) వెళ్లవచ్చు. ఈ మొత్తానికి నేనైతే వెళ్లను. మీ విమానం గురించి ఆరేళ్లుగా తెలిసిన మనిషిని అంత తేలిగ్గా వదులుకోకూడదు. అయితే కాగితాలు చూపించనంటే మాత్రం మెకానిక్‌ను మార్చండి, మొహమాటపడొద్దు.

అసలు ఈ బిల్లు ఇంత గట్టిగా తగలడానికి కారణం మీ దగ్గర రిపేరు నిధి లేకపోవడం. ఎగిరిన ప్రతి గంటకూ 30 డాలర్ల చొప్పున ఇద్దరూ కలిసి విడి ఖాతాలో వేయండి. ఏడాదికి 100 గంటలు ఎగిరితే 3,000 చేరుతుంది. ఇంజిన్ ఓవర్‌హాల్‌కు (మొత్తం విప్పి బాగుచేయడానికి) ఇది చాలదు, దానికి వేరే లెక్క వేసుకోవాలి. వచ్చే యాన్యువల్‌కు విమానం అప్పగించేటప్పుడే, 500 దాటే ఏ పనికైనా ముందు మెసేజ్ పెట్టి, మా జవాబు వచ్చాకే మొదలుపెట్టాలని వర్క్ ఆర్డర్ మీద రాయించండి.